గోడ మీద ఎర్రగీత పడింది, ఇప్పుడేం చేయాలి?

నోటీసు కంటే ముందు రంగు వస్తుంది. పొద్దున షట్టర్ ఎత్తబోతే గోడ మీద ఎర్ర పెయింటుతో ఒక బాణం గుర్తు, పక్కనే ఒక అంకె కనిపిస్తాయి. రాత్రి ఎవరు వచ్చి గీశారో పాలవాడికి కూడా తెలియదు. మెట్రో కోసం కావచ్చు, ఫ్లైఓవర్ కోసం కావచ్చు, ఉత్త రోడ్డు వెడల్పు కోసమే కావచ్చు.

హైదరాబాద్ పాతబస్తీలో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. గీత పడ్డ రోజు సాయంత్రానికి నా బల్ల చుట్టూ జనం చేరతారు. అందరూ అడిగేది ఒక్కటే: "ఎంతొస్తుంది మున్షీ సాబ్?" ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది గానీ దాన్ని నన్ను అడగరు, ఇరానీ హోటల్లో అడుగుతారు: "ఎదురుగా ఉన్నోళ్లది అంత తక్కువే పోతోందేం?" దానికి జవాబు కూడా ఆ హోటల్లోనే తయారవుతుంది, రెండో చాయ్ అయ్యేలోపు. నా అనుభవంలో బస్తీని మొదట చీల్చేది ఆ జవాబే. జేసీబీ వచ్చేది ఆ తర్వాతెప్పుడో. అందుకే డబ్బు సంగతి కాస్త ఆగి చెబుతాను.

ముందు టేపు కొనండి

గీత పడగానే వకీలు దగ్గరికి పరిగెత్తకండి, లీడర్ ఇంటికి అసలే పోకండి. హార్డ్‌వేర్ షాపుకు పోయి ఒక టేపు కొనండి. రోడ్డు అవతలి వరుసలో ఉండే మనిషిని ఒకరిని పిలవండి. మీది ఏ మతమో ఆయనది అది కాకపోతే మరీ మంచిది.

పదిహేనేళ్ల కిందటి మాట. మా రోడ్డును ఎనభై అడుగులు చేస్తామని గీతలు పెట్టారు. మా వరుసలో మల్గీలు, అంటే రోడ్డు మీది దుకాణాలు, పదకొండు అడుగులు పోతున్నాయి. ఎదురు వరుసలో నాలుగే. మా వైపు పోచమ్మ గుడి ఉంది, ఎదురుగా మూల మీద ముహర్రం ఆలంలు నిలిపే ఆషుర్‌ఖానా ఉంది. మధ్యాహ్నానికి మా వరుసలో కథ సిద్ధమైంది: ఆషుర్‌ఖానా కోసం ఎవరో పైనుంచి చెప్పి గీతను ఇటు జరిపించారట. అదే వేళకు ఎదురు వరుసలో ఇంకో కథ: అసలు వాళ్లది ఒక్క అంగుళం కూడా పోయేది కాదట, గుడిని తప్పించడానికి నాలుగు అడుగులు వాళ్ల నెత్తిన పెట్టారట. రెండు కథలూ ఒకే ప్లాను గురించి. ఆ ప్లాను కాగితం మాత్రం ఇటువాళ్లూ చూడలేదు, అటువాళ్లూ చూడలేదు. రాత్రి ఒక షట్టర్ మీద రాయి పడింది.

ఎదురు వరుసలో గడియారాలు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. పొద్దున నా దగ్గరికొచ్చి, "మున్షీ సాబ్, అందరూ నోటితో కొలుస్తున్నారు. మనం టేపుతో కొలుద్దాం" అన్నాడు.

మర్నాడు ఫజర్ నమాజ్ అయ్యాక, ఐదున్నరకు దిగాం. ట్రాఫిక్ లేదు, పాల ఆటో ఒకటి, రెండు కుక్కలు, అంతే. సర్వేవాళ్లు రోడ్డు నడిమధ్యలో తారులో ఒక మేకు దిగ్గొట్టి చుట్టూ తెల్ల సున్నా చుట్టి పోయారు. మేకు దగ్గర టేపు కొస పట్టుకుని చాచా గొంతుక్కూర్చున్నాడు. నేను రెండో కొసతో మా వరుస గోడ దాకా పోయాను. ఇరవైతొమ్మిది అడుగులు. మళ్లీ మేకు నుంచి ఎదురు వరుస గోడకు లాగాం. ముప్పైఆరు. నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే చాచా అప్పటికే నవ్వుతున్నాడు. ఇరవైతొమ్మిదికి పదకొండు కలిపితే నలభై, ముప్పైఆరుకు నాలుగు కలిపితే నలభై. గీత ఎటూ జరగలేదు. ఎదురు వరుసవాళ్లు కొన్నేళ్ల ముందు పాత పెంకుటిళ్లు పడగొట్టి కట్టుకునేటప్పుడు పర్మిషన్ కోసం ముందు జాగా వదిలారు. మా తాతల గోడలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. తేడా అంతా ఆ ఏడు అడుగులే.

క్యాలెండర్ కాగితం వెనక ఆ కొలతలు తెలుగులో నేను రాశాను, ఉర్దూలో చాచా రాశాడు. హోటల్ గల్లా పక్కన అంటించాం. అందరూ నమ్మారని చెప్పను. మా వరుసలో ఒకాయన వారం తర్వాత సొంతంగా కొలుచుకున్నాడు, మాతో ఏమీ అనలేదు, ఇప్పటికీ నాకు నమస్తే పెట్టడు. రాళ్లు మాత్రం మళ్లీ పడలేదు.

కొలిచేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు. నడిమధ్య ఎక్కడో మీరు నిర్ణయించొద్దు, సర్వేవాళ్ల గుర్తునే తీసుకోండి. గుర్తు కనబడకపోతే గీత ఎటు పోతుందో చూపే అలైన్‌మెంట్ డ్రాయింగ్ నకలు ఇమ్మని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, తెలుగులోనే రాయొచ్చు. దరఖాస్తు మీద ఒకరే సంతకం పెట్టండి, కానీ రెండు వరుసల నుంచి రెండు వేర్వేరు దరఖాస్తులు వేయండి. ఒకే డ్రాయింగ్ రెండు చేతుల్లోకి వస్తే "వాళ్లకిచ్చింది వేరే, మనకిచ్చింది వేరే" అనే మాట పుట్టదు. ఇంకొకటి: మెట్రోకు స్టేషన్ ఉన్నచోట రోడ్డు ఎక్కువ వెడల్పు కావాలి, మలుపు దగ్గర ఒకవైపే ఎక్కువ పోవచ్చు. అక్కడ రెండువైపులా సమానంగా రాకపోతే మోసమని అప్పుడే అనుకోకండి, డ్రాయింగ్ చూడండి.

లిస్టు ఇంటి నంబరుతో రాయండి, పేరుతో కాదు

టేపు సంగతి గొప్పగా చెప్పుకున్నాను కాబట్టి నా తప్పు కూడా చెప్పాలి.

అప్పుడు బస్తీ తరఫున లిస్టు రాసింది నేనే. దస్తావేజులు రాసే చెయ్యి కదా, ఓనర్ల పేర్లు మాత్రమే రాశాను. సేల్ డీడ్ ఎవరి పేరున ఉంటే వాళ్లే నాకు కనబడ్డారు. మా వరుసలో నాలుగు మల్గీల ఓనర్లు హిందువులు, కిరాయికి ఉన్నవాళ్లు ముస్లింలు: ఒక టైలర్, ఒక పంక్చర్ షాపు, రెండు కార్చోబీ (జరీ ఎంబ్రాయిడరీ) పనివాళ్లు. ఓనర్లకు చెక్కులు వచ్చాయి. టైలర్ పాతికేళ్ల కింద మల్గీలో దిగేటప్పుడు ఓనర్‌కు ఇచ్చిన పగిడీ సొమ్ముకు తెల్లకాగితం కూడా లేదు. ఓనర్ తనకు తోచినంత చేతిలో పెట్టాడు. టైలర్ మిషన్లు ఆటోలో వేసుకుని ఊరి బయటికి పోయాడు. ఇది ఓనరు, కిరాయిదారు మధ్య తగాదా. కానీ ఎదురు వరుసలో దానికి పేరు మారిపోయింది: "మనోళ్లను వెళ్లగొట్టారు." రెండు వీధుల అవతల సరిగ్గా దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ ఓనర్లు ముస్లింలు, కిరాయికున్న గాజుల షాపులవాళ్లు తెలుగువాళ్లు. అక్కడా అదే మాట, దిక్కు మారిందంతే.

అసలు 2013 భూసేకరణ చట్టం నాకంటే నయం. నగరంలో ఆ జాగాలో మూడేళ్లకు తక్కువ కాకుండా ఉంటున్న కుటుంబమైనా, మూడేళ్లుగా దాని మీదే బతుకుతున్న కుటుంబమైనా, సొంతదారు కాకపోయినా అది బాధిత కుటుంబమే అంటుంది. ఆ మూడేళ్లను చూపించే కాగితం ఉండాలి, అంతే.

కాబట్టి లిస్టు ఇలా రాయండి. ఎడమ పక్క ఇంటి నంబరు. తర్వాత ఓనరు, కిరాయిదారు, కిరాయిదారు కింద ఇంకో కిరాయిదారు, పగిడీ ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు. మల్గీ ముందు బండి పెట్టుకునేవాళ్లు ఎవరు. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు ఇవ్వకుండా లేపకూడదు. బండివాళ్ల దగ్గర వెండింగ్ కార్డు ఉందో లేదో రాయండి. మేడ మీద గదిలో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికించే ఆడవాళ్లున్నారా, వాళ్లను అడగడానికి మీ ఇంట్లో ఆడవాళ్లను పంపండి. నేను పోతే తలుపు తీయరు, తీసినా "మా ఆయన్ని అడగండి" అంటారు. ఆఖరున ఉమ్మడివి రాయండి: బోరు, నాలా, మెట్లు, రావిచెట్టు, నీళ్ల కుళాయి. లిస్టుకు రెండు కాపీలు తీసి రెండు వరుసల్లో పెట్టండి. జనం తమ కాగితాలు ముందు తమవాళ్లకే చూపిస్తారు. దాని మీద అలగొద్దు.

కాగితాల్లో ఎక్కువగా తగిలే చిక్కు ఏమిటంటే, పాతబస్తీలో సగం ఆస్తులు చచ్చిపోయినవాళ్ల పేర్ల మీదే ఉంటాయి. హిందువులైతే తాత పేరున ఉండి, ముగ్గురు కొడుకులు నోటిమాటగా పంచుకుని ఉంటారు. ముస్లింలైతే నానా హిబాగా, అంటే దానంగా, నోటితో ఇచ్చి ఉంటాడు. వీలైతే నోటీసు రాకముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని వాటాలు కాగితం మీద పెట్టుకోండి. అక్కచెల్లెళ్లను వదిలేసి రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు, నేను రాయను. వారసులు తగాదా పడితే పరిహారం మీ చేతికి రాకుండా భూసేకరణ అథారిటీ దగ్గర డిపాజిట్ అవుతుంది. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ 1983 తర్వాతిదైతే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. కిరాయిదారులు కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, పాత కిరాయి రసీదులు, ఆ అడ్రసుకు వచ్చిన ఏ ఉత్తరమైనా సరే, పోగు చేయండి. టైలర్ దగ్గరైతే మూడేళ్ల కొలతల పుస్తకం కూడా సాక్ష్యమే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఇదంతా చిన్న గొడవే కదా అనుకునేవాళ్లకు

మా అమ్మాయి సోషల్ వర్క్ చదివేటప్పుడు కప్తాయ్ డ్యామ్ గురించి చెప్పింది. తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, చిట్టగాంగ్ కొండల్లో కర్ణఫూలి నది మీద కట్టారు. 1962కు పూర్తయింది. ఆ ప్రాంతంలో సాగుభూమి దాదాపు నలభై శాతం మునిగింది. లక్ష మంది దాకా ఇళ్లు వదిలారు, ఎక్కువమంది చక్మాలు. మునిగినంత భూమి వాళ్లకు మళ్లీ దొరకలేదు. వేలమంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు, ఇప్పటి అరుణాచల్‌లో పెట్టారు. అక్కడి స్థానిక తెగలకూ వాళ్లకూ ఇప్పటికీ పడదు. అటు చిట్టగాంగ్ కొండల్లో మిగిలినవాళ్లలో రగిలినది ఆయుధాల దాకా పోయింది, 1997 డిసెంబరులో గానీ ఒప్పందం కుదరలేదు. కరెంటు కోసం కట్టిన డ్యామ్ ఒకటే, రెండు దేశాల్లో రెండు తగాదాలు. శ్రీలంకలో గల్ ఓయా సాగునీటి పథకానిది ఇంకోరకం. అక్కడ నీళ్లిచ్చి కొత్తవాళ్లను తెచ్చి దించారు, 1956లో సింహళ ఒక్కటే అధికార భాష అన్న చట్టం వచ్చిన రోజుల్లో ఆ కాలనీల్లోనే తమిళుల మీద దాడులు జరిగాయి.

అంత దూరం ఎందుకు, శ్రీశైలం ముంపులో ఊళ్లు పోయినవాళ్లు ఇంటికో ఉద్యోగం అన్న 98వ జీవో పట్టుకుని ఎన్నేళ్లు తిరిగారో కొల్లాపూర్ వైపు ఎవరినడిగినా చెబుతారు. అక్కడ మతం గొడవ లేదు, కానీ "వాళ్లకొచ్చింది, మాకు రాలేదు" అన్న మాట మాత్రం పక్కాగా ఉంది. మన గల్లీలో ఆ మాటకు మతం తొందరగా అంటుకుంటుంది.

డబ్బు: మొత్తం అడగొద్దు, గజం అడగండి

ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో లైనుకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. 2025 జనవరిలో మొదటి చెక్కులు ఇచ్చారు, గజానికి 81,000 రూపాయల లెక్కన. అప్పుడు నా బల్ల దగ్గర విన్న మాటలు: "ఫలానావాళ్లకు పాతిక లక్షలట, మాకు పద్దెనిమిదే, మాది వేరే మతమని తగ్గించారు." లెక్క చూద్దాం. ముప్పై గజాలు పోతే 24,30,000. ఇరవైరెండు గజాలు పోతే 17,82,000. రేటు ఒకటే. కట్టడం విలువ వేరే కడతారు, స్లాబుకూ రేకులకూ తేడా ఉంటుంది. ఎవరైనా మొత్తం చెబితే, ఎన్ని గజాలు, ఎన్ని అంతస్తులు అని వెంటనే అడగండి. మన వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన రూలు ఇదొక్కటే: కాగితం ఫొటో లేకుండా అంకె చెప్పకూడదు. ఆడియో మెసేజ్ అస్సలు పెట్టకూడదు.

చట్టం ప్రకారం మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సోలేషియం, అంటే ఊరట సొమ్ము, కలవాలి. పల్లెల్లోలాగా నగరంలో విలువను ఇంకో అంకెతో హెచ్చించరు. మీకు చెప్పిన గజం రేటులో సోలేషియం కలిసి ఉందా, వేరేనా అని రాతపూర్వకంగా అడగండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి అరవై రోజులు. విస్తీర్ణం తప్పుపడితే అప్పుడే పట్టుకోవాలి. మన రాష్ట్రం ఈ చట్టాన్ని 2017లో సవరించుకుంది కాబట్టి సామాజిక ప్రభావ సర్వే ప్రతిదానికీ ఉంటుందని నమ్ముకోకండి.

ఒప్పంద పత్రం మీద సంతకం వేరు, అవార్డు, అంటే అధికారి ఖరారు చేసిన పరిహారం, తీసుకోవడం వేరు. ఒప్పుకుని సంతకం పెడితే డబ్బు తొందరగా వస్తుంది, ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. అవార్డు మీద అసంతృప్తి ఉంటే డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని, ఇంగ్లిష్‌లో అండర్ ప్రొటెస్ట్ అంటారు చూడండి, ఆ మాట రాసి సంతకం పెట్టండి. ఆ ఒక్క ముక్క రాయకపోతే తర్వాత పెంచమని అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆరు వారాల్లోపు రిఫరెన్సు, అంటే విషయాన్ని అథారిటీకి పంపమని, అడగాలి. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రానికి రెండో అధికార భాష. నోటీసు ఉర్దూలో కూడా ఇమ్మని అడగండి. అందరూ ఒకే కాగితాన్ని సొంతంగా చదువుకుంటే నాలాంటి మున్షీల బేరం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

దేవుళ్ల సంగతి

గుడి, మసీదు, ఆషుర్‌ఖానా, దర్గా: గీత వీటి దగ్గరికొస్తే లీడర్లు పిలవకుండానే వస్తారు. వాళ్లకంటే ముందు మీరు ఇంజినీర్ దగ్గరికి పోండి, రెండు కమిటీలూ ఒకే ఆటోలో. ఈ పాతబస్తీ లైను మీద వందకు పైగా మతకట్టడాలుంటే, పిల్లర్ల జాగాలు మార్చి, వయాడక్టును, అంటే మెట్రో నడిచే వంతెనను, కాస్త అటూఇటూ జరిపి అన్నింటినీ తప్పిస్తామని అధికారులే బహిరంగంగా చెప్పారు. అంటే ఇది పిల్లర్ ఎక్కడ పడుతుందన్న ప్రశ్న. దాన్ని పిల్లర్ ప్రశ్నగానే అడగండి: ఫలానా పిల్లర్ నంబరు, ఫలానా గోడకు ఎన్ని మీటర్లు?

జనం మరిచిపోయేది ఊరేగింపుల్ని. బాలాపూర్ గణేశుడు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ మీదుగా చార్మినార్ దాటి ట్యాంక్‌బండ్‌కు పోతాడు. అంటే శాలిబండ దాకా దాదాపు మెట్రో వచ్చే దారే. వయాడక్టు కింద ఎత్తు ఎంత ఉంటుందో ఇప్పుడే అడగండి. విగ్రహం తయారయ్యాక అడిగితే లాభం లేదు. బోనాల ఘటానికీ, ముహర్రంలో ఊరేగే బీబీకా ఆలంకూ రెండింటికీ ఏనుగు కావాలి. బారికేడ్ల మధ్య ఏనుగు నడిచేంత సందు ఉందా, తవ్విన గుంత మీద వేసిన ఇనుపరేకు ఏనుగు బరువు మోస్తుందా? ఇవి ఇద్దరికీ ఉమ్మడి ప్రశ్నలు, ఒకే అర్జీలో పెట్టొచ్చు. బోనాలు ఆషాఢంలో వస్తాయి, ముహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది. వచ్చే మూడేళ్ల తేదీలు ఒక కాగితం మీద రాసి కాంట్రాక్టరు సైట్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

పని మొదలయ్యాక బేరాలు పడిపోతాయి, దుమ్ము రేగుతుంది, నీళ్ల పైపు కనీసం ఒకసారి పగులుతుంది. బారికేడ్‌లో జనం దాటడానికి వదిలే సందు ఎవరి మల్గీ ముందు వస్తే వాళ్లకే గిరాకీ. సందును నెలకోసారి మార్చమని అడగండి, సైట్ ఇంజినీర్లు సాధారణంగా కాదనరు. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు రాత్రుళ్లు రోడ్డు మీదే పడుకుంటారు. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని మొదటి వారంలోనే ఎవడో ఒకడు ఫార్వర్డ్ చేస్తాడు. వాడి నంబరు గ్రూపులోంచి తీసేయండి.

చాచా పోయి నాలుగేళ్లయింది. మొన్న మళ్లీ కొలవాల్సి వస్తే ఆయన కొడుకు అదే టేపు తెచ్చాడు. కొస కాస్త తుప్పు పట్టింది గానీ అంకెలు చెరగలేదు. మీరు కొనేటప్పుడు ముప్పై మీటర్లది, స్టీలుదే కొనండి. గుడ్డ టేపు సాగుతుంది. సాగిందని తర్వాత ఎవరో ఒకరు అంటారు.